మెట్ల మీద కూర్చున్న పాప

భవానీపూర్, కలకత్తా
19 జూలై 2024

అప్పకి రమాకుమారి నమస్కారాలు.

ఫోను చేద్దామంటే నీకు వినపడదు. ఇక్కడి బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లులో ఇరవై ఏళ్ళు ఆ మగ్గాల చప్పుడులో నిలబడి చెవులు పోగొట్టుకున్నావు. బావ ఫోనుకి మెసేజి పెడితే ముందు బావే చదువుతాడు. ఈ సంగతి నీకొక్కదానికే చెప్పాలి. అందుకని చాలా ఏళ్ళకి కాగితం తీసేను.

మా పాప పోయిన సోమవారం బళ్ళో కళ్ళు తిరిగి పడిపోయింది. పన్నెండేళ్ళ పిల్ల, నీకు తెలుసు కదా, ఒక్క చోట కుదురుగా ఉండదు. బళ్ళో పరుగు నేర్పే సారు, అందరూ రాజా దా, అంటే రాజా అన్న, అంటారు, మీ వాడి పేరే, ఆయనే టాక్సీలో ఇంటికి తీసుకొచ్చేడు. "ప్రార్థన లైన్లో ఎండలో నిలబడ్డాను, పొద్దున్న ఏమీ తినలేదు" అంది పాప. అయినా మా ఆయన ఊరుకోలేదు. పంపుహౌసులో సెలవు పెట్టి పిల్లల గుండె డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళేడు. ఛాతీ మీద జిగురులాంటిది రాసి, చిన్న యంత్రంతో అటూ ఇటూ తిప్పి గుండె బొమ్మ చూసేరు. ఎకో అంటారు. చిల్లు లేదట, కవాటాలు బాగున్నాయట. "నిలబడి పడిపోయింది కాబట్టి ప్రస్తుతానికి భయపడనక్కర్లేదు, కడుపు నిండా తిని, నీళ్ళు తాగమనండి" అంది డాక్టరమ్మ.

లేచి వచ్చేస్తుంటే ఒక మాట అడిగింది. "మీ ఇళ్ళల్లో చిన్నపిల్లలు ఎవరైనా ఉన్నట్టుండి చనిపోయేరా?" అని. ఎవరూ లేరన్నాను. మళ్ళీ నా అంతట నేనే, మా అప్ప కొడుకు పదమూడేళ్ళకి గంగలో మునిగిపోయేడు అన్నాను. "ఈత రాదా?" అంది. బాగా వచ్చు అన్నాను. ఆవిడ కలం ఆపి నా మొహంలోకి చూసింది. "కనుక్కోండి. ముందెప్పుడైనా పడిపోయేడా, గుండె నొప్పి అన్నాడా" అంది.

తొమ్మిదేళ్ళ తర్వాత నీ కడుపుకోత కదిపినందుకు నన్ను తిట్టుకోకు. మన రాజాకి ఎప్పుడైనా ఒంట్లో బాగులేకపోవడం ఉందా, అప్పా?

నీ చెల్లెలు
రమ


బారువ
2 ఆగస్టు

రమకి,

నీ ఉత్తరం అందింది. పాపకి రోజూ పొద్దున్న గంజన్నం పెట్టు. ఎండలో తిప్పకు.

మా వోడు గంగలో ములిగిపోనాడు. అంతే. ఆడికి ఏ రోగమూ నేదు. రాయిలాటి గుంటడు. నా కొడుకుని తీసుకెళ్ళి నీ కూతురి పక్కన కూకోబెట్టకు. ఆ డాక్టరమ్మకి ఏటి తెలుసు.

ఇంక ఈ మాట రాయకు. మీ బావ ఉత్తరం సూస్తే మళ్ళీ పది దినాలు అన్నం ముట్టడు. ఆ దినం "మా వోడు నడిగంగలో ఆ సరుకు బార్జీ దాకా ఈదొచ్చేత్తాడు సూడండి" అని స్నేహితులకి సెప్పి రాజాని నీళ్ళలోకి దింపింది ఆయనే. ఆడిని తానే సంపేసేనని ఇప్పటికీ అనుకుంటాడు. నీకు తెలీనిదేటి.

జగ్గమ్మ


భవానీపూర్
6 నవంబరు

అప్పకి,

నీ జవాబు చూసేక మూడు నెలలు కలం పట్టుకోలేదు. తప్పు నాదే. డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. మా అప్ప ఏమీ లేదంది, ఎకో బాగుంది, ఇంకేటి అని ఊరుకున్నాం.

ఈ ఉత్తరం నీ కోపం తీర్చడానికే. దుర్గాపూజ అయింది, కాళీపూజా అయింది. మా పాప బడి జట్టులో అందరికంటే ముందు పరిగెడుతోంది. ఈ నెల ఇరవై నాలుగున ఆదివారం జిల్లా ఎంపిక. నాలుగు వందల మీటర్లు. రాజా దా అయితే "మౌసుమి తప్ప ఇంకెవరూ లేరు దిది" అంటున్నాడు. రోజూ ఆరింటికే మైదానానికి తీసుకెళ్తున్నాడు. మా ఆయన కొత్త బూట్లు తెచ్చేడు. అవి ఇంట్లో కూడా విప్పడం లేదు.

ఒకటే, ఈ మధ్య మాట తగ్గింది. మొన్న పరుగు నుంచి వచ్చి మూడో అంతస్తు దాకా ఎక్కకుండా మధ్యలో మెట్ల మీద కూర్చుండిపోయింది. గుండె మీద అరచేత్తో రాసుకుంటోంది. ఏటమ్మా అంటే, "కిచ్చు నా, గ్యాస్" అంది. ఏం లేదులే అని. ఎంపిక దగ్గర పడుతోంది కదా, బెంగ అయి ఉంటుంది.

బావకి నా నమస్కారాలు చెప్పు. నామీద కోపం పోయిందని ఒక్క ముక్క రాయి.

రమ


బారువ
15 నవంబరు

రమా,

ఈ ఉత్తరం నీకు అందేసరికి మీ బావ ఫోను నుంచి మెసేజి వచ్చి ఉంటాది. "ఉత్తరం వచ్చేదాకా పాపని పరిగెట్టనీకు" అని. రేపు పెట్టిస్తాను. ఎందుకే అనడిగితే పాడు కలొచ్చిందని సెప్తాను. కల కాదు.

నీ ఉత్తరంలో పాప మెట్ల మీద కూకుని గుండె రాసుకుంటంది అన్న కాడ నా కళ్ళు ఆగిపోనాయి. గ్యాస్ అన్నాది కదా. ఆ మాట నాను ఇన్నాను రమా. కాదు, నానే అన్నాను. నా కొడుకుతో.

రాజా నాకు మూడు సార్లు సెప్పినాడు.

మొదటిసారి మిల్లు లైన్లో, మన గదుల ముందర, బంతాట ఆడి వచ్చి, "అమ్మా, ఇక్కడ పట్టేస్తంది" అని గుండె సూపించినాడు. సద్దన్నం మీద పచ్చి ఉల్లిపాయ తిన్నావు, గ్యాస్, వాము నములు అన్నాను. అప్పుడే మిల్లు నుంచి వచ్చేను. నడుం వాల్చేను.

రెండోసారి రైలు అందుకుందారని స్టేషన్ కాడ ఉరికి, ఉరుకుతా ఉరుకుతానే పడిపోనాడు. కళ్ళు తేలేసినాడు. నీళ్ళు కొడితే లేసినాడు. పక్క గది సన్యాసమ్మ సూసి మూర్ఛ అన్నాది. ఆ మాట లైనంతా పాకితే బళ్ళో ఉండనివ్వరని దాని సేత ఒట్టేయించుకున్నాను. రాజా కూడా నా సెయ్యి పట్టుకుని, "నాన్నకి సెప్పకమ్మా, గంగలోకి దిగనివ్వడు" అన్నాడు. నాను సెప్పలేదు.

మూడోసారి ఆ ఆదివారం పొద్దున్న. మీ బావ ముందెళ్ళిపోనాడు ఘాట్‌కి. రాజా గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఈయాల నా వల్ల అవుద్దా?" అన్నాడు. నానేటన్నానో తెలుసా? "మీ నాన్న నలుగురిలో మాటిచ్చేసినాడు. ఇప్పుడు ముడుసుకుపోతే ఆయన పరువేటవుతాది, ఎల్లు" అని అరిసేను. ఆడు ఎల్లినాడు.

నానూ ఎనకే ఎల్లి ఘాట్ మెట్ల మీద నిలబడి సూసేను. సగం దాకా బాగానే ఈదినాడు. అక్కడ ఆడి సెయ్యి ఆగిపోనాది. కేక ఎయ్యనేదు. సెయ్యి ఎత్తి పిలవనేదు. ములిగిపోయేవోడు కొట్టుకుంటాడు కదా రమా. మా వోడు కొట్టుకోనేదు.

ఆ డాక్టరమ్మ అడిగింది సరైన మాటే. ఆగస్టులో నీకు అబద్ధం రాసేను. నిజం రాస్తే అది మీ బావ సెవిన పడతాదని భయం. ఆయన తొమ్మిదేళ్ళుగా తానే సంపేసేనని కుమిలిపోతన్నాడు. నాను పక్కనే కూకుని అన్నం వడ్డిస్తన్నాను. ఇంతకంటే నా గురించి నానేటి రాయను.

పాపని ఒక్కదాన్నే కూకోబెట్టుకో. అరవకు. నానరిసేను, నువ్వరవకు. బళ్ళో పడిపోనప్పుడు నిలబడి ఉందా, పరిగెడతా ఉందా, అదడుగు. మెత్తగా అడుగు. తరవాత ఈ ఉత్తరం డాక్టరమ్మకి సదివి ఇనిపించు.

మీ బావకి నువ్వు సెప్పకు. నానే సెప్పాలి.

సోంపేట ఎల్లి స్పీడు పోస్టు సేస్తన్నాను. బస్సుకి టైమయింది.

జగ్గమ్మ


భవానీపూర్
30 నవంబరు

అప్పా,

అన్నీ వరసగా రాస్తాను. నన్ను మధ్యలో ఆపడానికి నువ్వు ఎదురుగా లేవు, అదే మంచిది.

బావ మెసేజి పదహారున వచ్చింది, నీకు పాడు కలొచ్చిందని కూడా రాసేడు. చదివి నాకు మండిపోయింది. ఎంపిక వారం ఉందనగా కలలూ శకునాలూ ఏటి అని మా ఆయనకి కూడా చూపించలేదు. పాప రోజూ మైదానానికి వెళ్ళింది. అంటే ఆ అయిదు రోజులు నావి. అవి నీ మీద పెట్టను.

గురువారం పోస్టు దాదా ఉత్తరం ఇచ్చేడు. గుమ్మంలోనే చదివేను. పాప బడి నుంచి వచ్చేదాకా మంచం మీదే కూర్చున్నాను. వచ్చేక పక్కన కూర్చోబెట్టుకుని, నువ్వు చెప్పినట్టే మెత్తగా అడిగేను.

"పాపా, జూలైలో పడిపోయేవు కదా. అప్పుడు నిలబడి ఉన్నావా, పరిగెడుతున్నావా?"

బూట్ల తాడు విప్పుతూ ఉండిపోయింది. రెండోసారి అడిగితే, "పరిగెడుతున్నాను" అంది.

"మరి ప్రార్థన లైను అన్నావు?"

"నిజం చెప్తే రాజా దా జట్టులోంచి తీసేస్తాడు. ఆయన కూడా అప్పుడు చూడలేదు. స్నేహితురాళ్ళు లేపేరు, లైన్లో పడిపోయిందని వాళ్ళే చెప్పేరు."

"ఇంకెప్పుడైనా?"

వేళ్ళు మడిచి చూపించింది. పడిపోవడం ఇంకోసారి. నొప్పి అయితే గుర్తు లేనన్ని సార్లు. ఎక్కడమ్మా అంటే, నువ్వు రాసిన చోటే చెయ్యి పెట్టింది.

నేను అరవలేదు అప్పా.

మర్నాడే వెళ్ళేం. నీ ఉత్తరం బెంగాలీలో చెప్తూ చదివేను. గుమ్మంలో రాజా అడిగిన మాట దగ్గర నేను ఆగితే మా ఆయన అందుకున్నాడు. డాక్టరమ్మ చివరిదాకా విని, "ఈ నిమిషం నుంచి పరుగు లేదు, మెట్లు కూడా మెల్లగా" అంది. మళ్ళీ ఎకో పెట్టి ఈసారి చాలాసేపు ఒకే చోట వెతికింది. గుండెకి రక్తం ఇచ్చే నాళాలు ఎక్కడ పుడుతున్నాయో అదే చూస్తోందట. కుడిది కనపడింది. ఎడమది ఉండాల్సిన చోట సరిగ్గా కనపడలేదు. "దీంతో తేలదు. సీటీ తియ్యాలి" అంది.

సోమవారం తీసేరు. యంత్రం దగ్గర మన తెలుగువాడే ఉన్నాడు, అశోక్‌కుమార్ అని, వరంగల్ పక్కనట. పాపకి చేతికి సూది గుచ్చి, "భయపడకు బిడ్డా. మందు పోతాంటే ఒళ్ళంత ఎచ్చగైతది, అంతే. ఊపిరి బిగవట్టుమంటే బిగవట్టు. గుండె ఉరుకుతాంటే ఫొటో చెదిరిపోతది. నిమ్మలంగుంటేనే నరం సక్కగ కనవడ్తది" అన్నాడు. పాప గుండె నూట పది కొట్టుకుంటోంది. మాత్ర వేసి గంటసేపు కూర్చోబెట్టేరు. తొంభై ఆరు. ఇంకో మాత్ర. తొంభై. ఇంకా దిగాలన్నారు. అప్పుడు నన్ను లోపలికి పిలిచేడు. "అమ్మా, మీరొకసారి మాట్లాడుండ్రి. లోపల ఏదో పెట్టుకుంది."

వంగి చెయ్యి పట్టుకున్నాను. "మా, రాగ్ కొరేఛో?" అంది. కోపమొచ్చిందా అని. నాలుగు రోజుల నుంచి నేను అరవకపోయేసరికి అది ఇంకా భయపడిపోయిందప్పా. "నీ మీద నాకు కోపం లేదు. నువ్వు చెప్పకపోతే తెలిసేది కాదు, చెప్పేవు" అన్నాను. కళ్ళు మూసుకుంది. పక్కన తెర మీద అంకె మెల్లగా దిగింది. డెబ్భై నాలుగు, డెబ్భై, అరవై ఆరు. "ఇగ బయటికి రండమ్మా" అన్నాడతను. అద్దం వెనక నుంచి చూసేను. పిల్ల ఆ గుండ్రంలోకి వెళ్ళింది, వచ్చింది. అంతే. ఉత్తి కొన్ని క్షణాలు.

డాక్టరమ్మ కంప్యూటరు మీద చూపించింది. గుండెకి రక్తం తెచ్చే నాళాలు రెండు, రెండు పక్కల నుంచి పుట్టాలట. మన పాపకి రెండూ ఒకే పక్క పుట్టేయి. ఎడమది అక్కడ నుంచి దారి తప్పి, రెండు పెద్ద రక్తనాళాల సందులోంచి, అందులో ఒకదాని గోడలోంచే దూరి వెళ్తోంది. మామూలుగా ఉన్నప్పుడు ఏమీ కాదు. పరిగెత్తినప్పుడు పెద్దవి ఉబ్బుతాయి, ఇది నలుగుతుంది. గుండెకే రక్తం అందదు. మా ఆయన, "మెయిన్ పైపు గోడలోంచి బ్రాంచి లైను లాగినట్టు" అన్నాడు. "అంతే" అంది ఆవిడ. ఆపరేషన్ ఒక్కటే దారి. జనవరి తొమ్మిదిన.

ఇప్పుడు నా మాట. నేను జూలైలో అడిగేను. ఆగస్టులో నువ్వు "అంతే" అని రాసేవు. ఆ అంతే తర్వాత మూడున్నర నెలలు నా కూతురు మైదానంలో పరిగెత్తింది. పొద్దున్న ఆరింటికి నేనే దానికి జడ వేసి పంపేను. అది తలుచుకుంటే నీ మొహం చూడకూడదనిపిస్తోంది. నువ్వు రాయకపోతే ఆదివారం ఎంపికలో ఏమయ్యేదో తలుచుకుంటే నీ కాళ్ళ మీద పడాలనిపిస్తోంది. రెండింట్లో ఏది నిజమో తేల్చుకోలేకపోతున్నాను.

ఇప్పుడే జవాబు రాయకు.

రమ


బారువ
8 డిసెంబరు

రమా,

రాయకు అన్నావు. నాలుగు ముక్కలే.

తిట్టేవు. తిట్టాల్సిందే. నాను కాదనను.

పాపకి సలి తగలనివ్వకు. ఆపరేషన్ ముందు జలుబు సేస్తే ఆపేస్తారట, ఇక్కడ నర్సు సెప్పింది.

మీ బావకి ఇంకా సెప్పనేదు. పాపకి ఆపరేషన్ అని మీ ఆయన ఫోను సేస్తే తెలిసింది. ఎందుకో ఏటో ఆయనకి తెల్దు. రెండు సార్లు ఎదురుగా కూకున్నాను. ఆయన నా మొహం సూసి ఏటే అన్నాడు. ఉప్పు సరిపోనాదా అనడిగేను.

జగ్గమ్మ


భవానీపూర్
20 జనవరి 2025

అప్పకి,

పాప ఇంటికొచ్చింది. ముందు ఆ మాట రాసి తర్వాత మిగతావి.

అయిదు గంటలు పట్టింది. గోడలో ఇరుక్కున్న నాళాన్ని లోపల నుంచి విప్పి, దాని నోరు వెడల్పు చేసేరు. బయటికి తెచ్చినప్పుడు నోట్లో గొట్టం, ఛాతీ నుంచి గొట్టాలు. మా ఆయన గోడవైపు తిరిగి నిలబడిపోయేడు. మర్నాటికి గొట్టం తీసేరు. రెండో రోజు సాయంత్రం గుండె లయ తప్పింది. తెర మీద గీతలు అడ్డదిడ్డంగా వచ్చేయి, గంట మోగింది, నన్ను బయటికి పంపేసేరు. ఆ వరండాలో ముప్పై అయిదు నిమిషాలు ఉన్నాను. ఎవరూ వచ్చి ఏమీ చెప్పలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడ్డాను. చివరికి డాక్టరమ్మే వచ్చి, "సర్దుకుంది. ఇలా జరుగుతూ ఉంటుంది" అంది. నాకు మాత్రం అది జరుగుతూ ఉండే సంగతి కాదు.

మళ్ళీ ఎకో చూసేరు. ఈసారి ఎడమ నాళంలో రక్తం ఎర్రగా, నేరుగా పోతుంటే నాకు కూడా చూపించేరు. మూడు నెలలు పరుగు మాట లేదు. తర్వాత ఛాతీకి తీగలు తగిలించి నడిపించి, పరిగెత్తించి చూస్తారు. పరిగెత్తనిస్తారో లేదో అప్పుడు చెప్తామన్నారు. పాప ఇంకా ఆశగానే ఉంది.

మన రాజా గురించి డాక్టరమ్మని అడిగేను. "చూడని గుండె గురించి నేను చెప్పకూడదు. ఒకే ఇంట్లో ఇద్దరికి రావడం అరుదు, కానీ వస్తుంది. మీ అప్ప రాసినవన్నీ దానికే సరిపోతున్నాయి" అంది. "ఆ రోజుల్లో ఆమె డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినా తెలిసేదా?" అన్నాను. "తెలిసేదేమో, తెలిసేది కాదేమో. పడుకోబెట్టి చూస్తే ఇలాంటి పిల్లలు మామూలుగానే కనిపిస్తారు" అంది. నిన్ను ఓదార్చడానికి ఇంకో రకంగా రాద్దామనుకున్నాను. ఆవిడ అన్నది అన్నట్టే రాసేను.

కింద పాప రాసింది. దానికి తెలుగు రాయడం సరిగ్గా రాదు. దిద్దలేదు.

రమ

పెదమ్మ, నేను బాగునాను. అమ్మ నీ చిటి మొతం చదివింది. రాజా దాదా నీకు 3 సార్లు చెపాడు. నేను అమ్మకి 1 సారి కూడా చెపలేదు. దాదా ఫొటో ఉంటే పంపు. — మౌసుమి


బారువ
11 ఫిబ్రవరి

చెల్లి రమకి, పాపకి దీవెనలు.

మీ బావకి సెప్పేసేను.

పాప రాసిన ముక్క పట్టుకుని వారం తిరిగేను. ఒక మధ్యాన్నం అన్నాలయ్యేక, నీ ఉత్తరాలన్నీ ఆయన ముందర పెట్టేను. నాను నీకు రాసిన దాన్లో ఏటుందో కూడా నోటితో సెప్పేను. మూడు సార్లూ. గుమ్మంలో అన్న మాటా. అద్దాలు పెట్టుకుని అన్నీ సదివినాడు. పాప రాసింది రెండు సార్లు సదివినాడు.

"ఆడు నాకెందుకు సెప్పనేదు?" అన్నాడు.

"గంగలోకి దిగనివ్వవని."

"నువ్వెందుకు సెప్పనేదు?"

ఆయన లేసి కిటికీ కాడకి ఎళ్ళినాడు. నాకు సెవులు లేవని ఆయనకి తెలుసు, పెదాలు సూస్తే గాని నాకేటీ తెల్దని తెలుసు. అటు తిరిగి మాటాడినాడు. శానాసేపు. వీపు ఊగతంది, మెడ నరాలు లేస్తన్నాయి, నాకు కనపడతంది. తిట్టినాడో, ఏడిసినాడో, రాజాతో మాటాడినాడో, నాకు తెల్దు రమా. ఇటు తిరగమని నానడగనేదు. నానడగకూడదు.

ఆరు దినాలు అన్నం ఆయనే వడ్డించుకున్నాడు. ఏడో దినం సముద్రం కాడకి ఎళ్ళినాడు. మోకాలి లోతులో నిలబడి మొహం కడుక్కుని వచ్చినాడు. గంగ నుంచి వచ్చేసినాక ఆయన నూతి నీళ్ళు తప్ప ముట్టనేదు.

నిన్న నా ఎదురుగా కూకుని, పెదాలు కదిలేలా మెల్లగా అన్నాడు. "పాప గుంటని సూసొస్తాను. తరవాత బడ్జ్ బడ్జ్ ఘాట్‌కి ఎళ్తాను." నానూ రానా అనడిగేను. ఔనననేదు, కాదననేదు.

ఇరవై రెండున పొద్దున్న హౌరాలో దిగుతాం. మీ ఆయన్ని స్టేషన్‌కి పంపు. రాజా ఫొటో ఒకటే ఉన్నాది, బడి బట్టల్లోది, అది తెస్తన్నాను. నువ్వు నన్ను ఇంట్లోకి రానిస్తావో, గుమ్మంలో నిలబెడతావో, నీ ఇష్టం.

ఆయన మాత్రం సోంపేట ఎల్లి రెండు టిక్కెట్లు తెచ్చినాడు.

జగ్గమ్మ